తీసేయని పాట

తమ్ముడి పెళ్ళికని మూడు వారాల సెలవు పెట్టి హైదరాబాద్ వెళ్ళిన అనీష్, నాలుగో నెల వచ్చినా న్యూజెర్సీలోని పార్సిప్పనీకి తిరిగి రాలేదు. పెళ్ళికొడుకు పెళ్ళాన్ని తీసుకుని గోవా వెళ్ళొచ్చాడు, కాపురం పెట్టాడు, ఒకసారి అలిగి మళ్ళీ కలిసిపోయాడు కూడా. పెళ్ళి చూడటానికి వెళ్ళిన అన్న మాత్రం పాస్‌పోర్టులో వీసా ముద్ర కోసం అక్కడే కూర్చున్నాడు. ఇంటర్వ్యూ తేదీ రావడం, వాయిదా పడటం, మళ్ళీ రావడం, మళ్ళీ పడటం. ఇప్పుడు వీసాకి వెళ్ళినవాళ్ళు సోషల్ మీడియాలో ఏం రాశారో, ఏం మెచ్చుకున్నారో అంతా చూస్తున్నారట. అందుకే ఆలస్యమట.

ఇక్కడ అతని భార్య రష్మి పరిస్థితి మరీ దారుణంగా ఉంది. అనీష్ కంపెనీవాళ్ళు మర్యాదగానే చెప్పారు, నెలాఖరులోగా వచ్చి సీట్లో కూర్చోకపోతే ఇంకొకరిని చూసుకుంటామని. మర్యాదగా పీక నొక్కడం ఈ దేశంలో బాగా తెలిసిన విద్య. అతని ఉద్యోగం పోతే వీసా పోతుంది. ఆ వీసాని పట్టుకునే రష్మి ఒక మందుల కంపెనీలో పని చేసుకుంటోంది కాబట్టి ఆమె ఉద్యోగమూ పోతుంది. రెండో తరగతి చదువుతున్న కూతురు సాన్వికి ఈ అపార్ట్‌మెంటూ, ఆ స్కూలూ తప్ప వేరే ప్రపంచం తెలియదు. సూట్‌కేసుల్లో పట్టినంత సర్దుకుని దిగిపోవడమే. రష్మి రోజూ కారులో ఆఫీస్‌కి వెళ్తూ ఒక్కతే ఏడ్చేది. పార్కింగ్‌లో మొహం తుడుచుకుని లోపలికి వెళ్ళి గుడ్ మార్నింగ్ చెప్పేది.

ఇంత మామూలు మనిషి జీవితంలో మామూలుగా లేనిది ఒక్కటే, వినెగర్ స్ట్రీట్.

అది వీధి కాదు, ఒక ఇంగ్లీషు బ్యాండు. ఇంగ్లండ్ ఉత్తరాన మిల్లులు మూతపడ్డ ఒక ఊళ్ళో నలుగురు కలిసి పెట్టారు. పాడేది మోరీన్ అనే ఆవిడ. వాళ్ళ పాటల్లో ఒక తిరకాసు ఉంది. వింటే కాళ్ళు ఆగవు, అర్థం చేసుకుంటే కడుపు మండుతుంది. రష్మి కాకినాడలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు హాస్టల్లో ఎవరో ఇచ్చిన సీడీలో వాళ్ళ పాట ఒకటి ఉండేది. ఫ్రెషర్స్ పార్టీలో అమ్మాయిలంతా దానికి డాన్సు చేసేవారు. ప్రేమపాటనుకున్నారు పాపం. సమ్మె చేస్తున్న కూలీలను పోలీసులు గుర్రాలతో తొక్కించిన సంగతి అది. రష్మి ఒక్కతే మాటలు వెతుక్కుని చదివింది. చదివాక ఆ పాటకి డాన్సు చెయ్యలేకపోయింది. పోనీ వినడం మానలేకా పోయింది.

వినెగర్ స్ట్రీట్‌వాళ్ళు ఒక దశలో బాగా వెలిగారు. టీవీలూ, బంగారు రికార్డులూ అన్నీ చూశారు. మూడో ఆల్బమ్ అమెరికాలో విడుదల చేస్తామని ఒక పెద్ద కంపెనీ ముందుకొచ్చింది. అందులో పన్నెండు పాటలు. ఒకటి యుద్ధానికి వ్యతిరేకంగా రాసింది. ఆ ఒక్కటీ తీసెయ్యండి, ఊరూరా కచేరీలు పెట్టిస్తాం అన్నారు కంపెనీవాళ్ళు. వీళ్ళు తీయలేదు. కంపెనీ వీళ్ళని తీసేసింది. తర్వాత రేడియో మర్చిపోయింది, టీవీ మర్చిపోయింది. గిటారు వాయించేవాడు బడిపంతులయ్యాడు. డ్రమ్ములు వాయించేవాడు లారీ నడిపాడు. శని ఆదివారాల్లో మాత్రం నలుగురూ ఒక పాత వ్యానులో బయల్దేరి, ఎక్కడ సమ్మె జరుగుతుంటే అక్కడికి వెళ్ళి పాడేవారు.

ఎందుకు తీయలేదని ఎవరో అడిగితే మోరీన్ చెప్పిన మాట ఒకటుంది. “ఆ పాట ఉంటే పన్నెండింట్లో అదొకటి. తీసేస్తే మిగతా పదకొండూ అబద్ధాలవుతాయి.”

చాలా ఏళ్ళ తర్వాత వాళ్ళు చేతి డబ్బు పెట్టుకుని ఒకే ఒక్కసారి అమెరికా వచ్చారు. న్యూజెర్సీలో ఒక చిన్న క్లబ్బులో పాడారు. రష్మి అప్పుడు పిస్కాటవేలో మాస్టర్స్ చేస్తోంది, వెళ్ళింది. హాలునిండా జుట్టు నెరిసిన తెల్లవాళ్ళు. వాళ్ళ మధ్య ఒకే ఒక్క తెలుగు మొహం. ఇండియన్ స్టోర్లో ఎదురుపడ్డ మనవాళ్ళు ఒకర్నొకరు చూడనట్టు నటిస్తారే, అలా ఇద్దరూ సగం కచేరీ నటించారు. ఆ యుద్ధం పాట మొదలయ్యేసరికి ఆ అబ్బాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ ప్రతి మాటా పైకి పాడుతున్నాడు. ఇంక నటన కుదరలేదు. “మీది తెలుగేనా అండీ?” అని రష్మే అడిగింది. అతను హనుమకొండ అనీష్.

పెళ్ళికి ముందే ఇద్దరూ కలిసి ఆ బ్యాండు కోసం సోషల్ మీడియాలో ఒక పేజీ పెట్టారు. కింద ఇద్దరి పేర్లూ, పైన మోరీన్ అన్న ఆ మాట. వినెగర్ స్ట్రీట్‌కి సొంతంగా ఒక వెబ్‌సైటు కూడా లేదు. అందుకని వాళ్ళ జీవితమంతా వచ్చి వీళ్ళ పేజీలోనే చేరింది. ఏ ఊళ్ళో ఎప్పుడు పాడారు, ఏ పాట ఎందుకు పుట్టింది, ఎవరెవరో పంపిన పాత క్యాసెట్ల రికార్డింగులు, డ్రమ్మర్ చనిపోయినప్పుడు అతని భార్య పంపిన ఫొటోలు, అన్నీ. సాన్వి కడుపులో ఉన్నప్పుడు కూడా రష్మి మంచంమీద పడుకుని ఆ పేజీకి తేదీలు సరిచూసేది. మా సంగతులు మాకంటే మీకే బాగా తెలుసని మోరీన్ ఒకసారి రాసి పంపితే, మొగుడూ పెళ్ళాం వారం రోజులు నేలమీద నడవలేదు.

ఇలా ఉండగా నిరుడు ఒకటి జరిగింది. మోరీన్‌కి డెబ్బై దాటాయి. చివరిసారి అమెరికా వచ్చి పాడాలనుకుంది. ఈమధ్య యుద్ధం గురించి ఏదో సభలో గట్టిగా నాలుగు మాటలన్నందుకు ఆవిడకి వీసా ఇవ్వలేదు. అనీష్‌కి ఒళ్ళు మండింది. ఆవిడ మాట్లాడిన వీడియో పేజీలో పెట్టి, కింద తన కోపమంతా రాశాడు. పాటకే భయపడే దేశం ఇంక దేనికైనా భయపడుతుందని రాశాడు. అప్పుడు రష్మికి గర్వంగానే ఉంది.

ఇప్పుడు ఆ నాలుగు వాక్యాలు తలుచుకుంటే ఆమెకి అన్నం సహించడం లేదు.

శుక్రవారం కబురొచ్చింది, అనీష్ ఇంటర్వ్యూ ఉన్నట్టుండి మంగళవారానికి ఖాయమైందని. శనివారం మధ్యాహ్నం ఐసెలిన్‌లో సాన్వికి డాన్సు క్లాసు. పక్క అపార్ట్‌మెంట్ విద్యక్క కూతురిదీ అదే క్లాసు. పిల్లల్ని దింపి ఇద్దరూ ఓక్ ట్రీ రోడ్డు మీద కారులోనే కూర్చున్నారు. అద్దాల బయట చీరల షాపులకి వెళ్ళే పెళ్ళివాళ్ళ హడావుడి. రష్మి ఫోన్లో పేజీ తీసి విద్యక్కకి చూపించింది. విద్యక్క గుంటూరు మనిషి, ఇరవయ్యేళ్ళుగా ఇక్కడి వీసాలతో కుస్తీలు పడుతోంది. ఆవిడ ఆ వీడియో చూసి, కింద అనీష్ రాసింది చదివి, ఫోను తిరిగిచ్చేసింది.

“ముందు ఇది తీసెయ్ రష్మీ,” అంది. “తనకు మాలిన ధర్మం మనకెందుకే? ఎక్కడో ఇంగ్లండ్‌లో ముసలావిడ పాడిందని నీ సంసారం రోడ్డుమీద పెట్టుకుంటావా?”

అనీష్‌ని అడగాలా అంటే, అడిగితే వద్దంటాడుగా అంది విద్యక్క. నిజమే, వద్దంటాడు. మొండి మనిషి. అక్కడసలే నిద్ర లేకుండా ఉన్నాడు, ఇంకో బెంగ ఎందుకు. పాపమేదో నేనే మూటగట్టుకుంటాను, వచ్చాక కాళ్ళు పట్టుకుని చెప్పుకుంటాను అనుకుంది రష్మి. తిట్టడానికైనా మనిషి ఎదురుగా ఉంటే చాలు.

ముందు ఆ వీడియో ఒక్కటే తీసింది. తర్వాత దాని కిందిది చూస్తే అదీ భయంగానే ఉంది. పోలీసుల గుర్రాల పాట తీసింది. సమ్మె ఫొటోలు తీసింది. భయంతో చూడటం మొదలుపెట్టాక వినెగర్ స్ట్రీట్‌వాళ్ళు జీవితంలో ఏ గొడవా లేని పాట ఒక్కటీ పాడలేదని ఆమెకి అర్థమైంది. పేజీ మొత్తం తీసెయ్యాలా అని ఫోను అడిగింది, నిజంగానేనా అని మళ్ళీ అడిగింది, తీసేస్తే తిరిగి రాదని చెప్పింది. అవునని నొక్కింది. ఎయిర్‌పోర్టులో ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు కూడా వెతుకుతున్నారని విన్నది కాబట్టి ఇంట్లో ఉన్న కాపీలు కూడా ఆ సాయంత్రమే చెరిపేసింది. ఇలాంటి విషయాల్లో మనవాళ్ళు శుభ్రతకి పెట్టింది పేరు. విద్యక్క ఆమె భుజం తట్టి, మంచి పని చేశావంది.

మంగళవారం గడిచిపోయింది. అనీష్ ఫోను చెయ్యలేదు. మెసేజ్ పెడితే మాట్లాడతానని మాత్రం రాశాడు. బుధవారం పొద్దున రష్మి సాన్విని స్కూలుకి తీసుకెళ్ళింది. “అమ్మా, నాన్న ఈ వీక్ వస్తుందా?” అని కారు దిగుతూ అడిగింది పిల్ల. వస్తాడమ్మా అని చెప్పి, దాని బ్యాగు సరిచేసి పంపి, కారు రోడ్డు పక్కకి తీసి ఆపుకుంది. అప్పుడు మోగింది ఫోను.

అనీష్ గొంతు నెమ్మదిగా ఉంది. జరిగిందంతా వరసగా చెప్పుకొచ్చాడు. ఇంటర్వ్యూ చేసినామె మంచిగానే మాట్లాడిందట. ఉద్యోగం గురించి, జీతం గురించి అడిగిందట. అన్నిటికీ ఉన్నదున్నట్టు చెప్పాడట.

“లాస్ట్‌కి సోషల్ మీడియా ఏమేం ఉన్నయ్ అనడిగింది,” అన్నాడు. “దాచుడెందుకని మన పేజీ చెప్పిన రష్మీ. స్పెల్లింగ్ కూడా చెప్పిన. ఆమె కొట్టి చూసి, అట్లాంటిదేం లేదన్నది.”

రష్మి కారు ఇంజను ఆపేసింది.

“ఇంకోసారి కొట్టి, ఎప్పుడు తీసేసిన్రు అనడిగింది. మేం తీయలేదు మేడమ్, మేమట్ల తీసేటోళ్ళం కాదు అన్న. ఒట్టేసినట్టు చెప్పిన. ఆమె నన్ను చూసిన చూపు మారిపోయింది. అంతకుముందు అడిగినవన్నీ మళ్ళ మొదటినుంచి అడిగింది. జీతం, ప్రాజెక్టు, నీ పేరు, సాన్వి పేరు. అన్నీ నిజమే చెప్పిన. ఒక్కటి నమ్మలే.” చేతిలో ఒక కాగితం పెట్టి, ఇంకా పరిశీలించాలని పంపేశారట. ఎంతకాలమని అడిగితే చెప్పలేమన్నారట. నెలాఖరు సంగతి అనీష్ ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరమూ లేదు.

పన్నెండింట్లో ఒకటి తీసేస్తే మిగతా పదకొండూ అబద్ధాలు. ఆ మాటని పేజీ నెత్తిన పెట్టింది రష్మే. అక్షరాలు పెద్దవిగా, అందంగా ఉండాలని ఒక సాయంత్రమంతా మార్చి మార్చి చూసుకుంది కూడా.

“ఎవడో హ్యాక్ చేసినట్టున్నడు,” అన్నాడు అనీష్. “నీ పాస్‌వర్డ్‌తో ఒకసారి చూడు రష్మీ. అది మళ్ళ కనబడితే, లాయర్‌తోని రాయించి వాళ్ళకు చూపెడదాం. మనం అబద్ధం చెప్పలేదని తెలుస్తది కదా.”

స్కూలు గేటు మూసేశారు. ఆలస్యంగా వచ్చిన ఒక తల్లి పిల్లవాణ్ణి రెక్కపట్టుకుని పరిగెత్తుతోంది.

“హ్యాక్ కాదు అనీష్. నేనే తీసేశాను.”

అటువైపు నుంచి హైదరాబాద్ ట్రాఫిక్ హారన్లు వినపడుతున్నాయి. తిడతాడేమోనని చూసింది. తిడితే బాగుండుననుకుంది. అతను తిట్టలేదు.

“ఎందుకు?” అని అడిగాడు. నిజంగా తెలియకే అడిగాడు.

“నువ్వు రావాలని,” అంది రష్మి.