పామాయిల్ ఇచ్చి నర్సుల్ని అడిగారు

ఢిల్లీ సాకేత్‌లోని ఒక ఆస్పత్రిలో, ఎముకల వార్డులో నర్సుగా చేస్తున్న రోజుల్లో కాలు విరిగి ఒక తెలుగాయన చేరారు. హైదరాబాదు మనిషి, కేంద్ర వాణిజ్య శాఖలో అధికారి. వార్డులో తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కావడంతో ఏది కావాలన్నా నన్నే పిలిచేవారు. మంచం మీద కూడా ఫైళ్లు చదువుకునేవారు.

ఆ వారంలోనే జంగారెడ్డిగూడెం దగ్గర మా ఊరి నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. మాకున్న కాస్త పొలంలో వాడు వేసింది పామాయిల్ తోటే.

"అక్కా, బయటి దేశాలతో ఏదో ఒప్పందమంట. మలేసియా నూనె మీద పన్ను తగ్గించేత్తారంట. ఇంక మన గెలలెవరు కొంటారు? తోట కొట్టేసి మొక్కజొన్న వేసెయ్యమంటన్నారు. ఢిల్లీలోనే ఉన్నావు కదా, కాస్త కనుక్కో."

ఢిల్లీలో ఉంటే అన్నీ తెలుస్తాయని వాడి నమ్మకం. నాకు తెలిసిన ఢిల్లీ అంటే హాస్టలు, బస్సు, వార్డు, ఆదివారం చర్చి. కానీ ఈసారి అడగాల్సిన మనిషి నా వార్డులోనే ఉన్నారు. మర్నాడు ఉదయం బీపీ చూస్తూ అడిగేశాను.

ఆయన చదువుతున్న కాగితం పక్కన పెట్టారు.

"అచ్ఛా, మీది పామాయిల్ ఇలాఖానా? పన్ను తగ్గుడు నిజమే సిస్టర్. ఒక్కసారే కాదు, ఏడాదికి కొంచెం. వాళ్ల నూనెకు మనం తలుపు తీస్తేనే మనోళ్లకు వాళ్లు తలుపు తీస్తరు."

"మనోళ్లంటే ఎవరు సర్?"

"ఇంజనీర్లు, అకౌంటెంట్లు, నర్సులు. మీ చదువు ఆ దేశాలల్ల చెల్లాలని అడుగుతున్నం. అది తర్వాతి ఒప్పందం. ముందు సరుకులది."

బీపీ ఎంత ఉందో మరిచిపోయి మళ్లీ చూశాను. బయటి దేశంలో ఉద్యోగం కోసం తీసుకున్న నా పాస్‌పోర్టు అప్పటికి రెండేళ్లుగా పెట్టెలోనే ఉంది. ఒక్క క్షణం పట్టరాని సంతోషం కలిగింది. వెంటనే తమ్ముడు గుర్తొచ్చి సిగ్గేసింది.

"అంటే మా తమ్ముడి గెలలిచ్చి నన్ను అడుగుతున్నారా సర్?"

ఆయన నవ్వబోయి ఆగిపోయారు. "గట్ల అనకమ్మా. లెక్క అంత సీదా ఉండదు."

"మరి తోట ఉంచమంటారా, తీసెయ్యమంటారా?"

"అది నాకు తెల్వదు. నిజంగనే తెల్వదు. ధర ఒక్క ఒప్పందంతోనే పడదు, లేవదు."

ఇంత పెద్ద అధికారికే తెలియనిది నేనేం చెప్పను? మధ్యాహ్నం తమ్ముడికి ఫోన్ చేసి, పన్ను మెల్లగా తగ్గుతుందంట, తొందరపడకు అన్నాను.

"ఉంచమన్నట్టా, తీసెయ్యమన్నట్టా?"

"ఉంచు," అన్నాను. ఆ మాట ఏ ధైర్యంతో అన్నానో ఇప్పటికీ తెలియదు. నర్సుల సంగతి మాత్రం చెప్పలేదు.

ఆయన చంకకర్రలతో ఇంటికి వెళ్లిపోయారు. తర్వాత కొన్నాళ్లకే, సరుకుల ఒప్పందం మీద సంతకాలు ఇంకా కాకముందే, గెలల ధర పడిపోయింది. తమ్ముడు నాతో సరిగ్గా మాట్లాడటం మానేశాడు. సంతకాలయ్యాయని వార్డు టీవీలో చూసి భయపడుతుంటే ధర కొంచెం లేచింది. "నీ మాట విని మంచి పని చేశానక్కా" అన్నాడు. వాడు కోప్పడినప్పుడూ మెచ్చుకున్నప్పుడూ నాకు ఒకేలా ఉంది: అందులో నా ప్రమేయమేమిటో నాకే తెలియదు.

నేను మాత్రం సర్టిఫికెట్లన్నీ అటెస్ట్ చేయించి సిద్ధంగా ఉంచుకున్నాను. నర్సుల ఒప్పందం చర్చల్లోనే ఉందని పేపర్లు రాసేవి. ఎదురుచూసి చూసి గుర్‌గావ్‌లో మరో ఆస్పత్రికి మారాను.

ఒకసారి సెలవుకు వెళ్లినప్పుడు, భోజనాల ముందు, తమ్ముడికి జరిగిందంతా చెప్పేశాను. కోప్పడతాడనుకున్నాను. శ్రద్ధగా విన్నాడు.

"మరి నువ్వు వెళ్లలేదేంటక్కా?"

"మా ఒప్పందం ఇంకా కాలేదురా."

"మాది అయిపోయింది కదా!" అన్నాడు వాడు, ఆశ్చర్యంగా.

అన్నం పెట్టమని మరదల్ని పిలిచాను.