సింహాద్రికి నేను చదివి వినిపించిన ఉత్తరం

నాలుగేళ్ళపాటు నా సంచీలో ఒక ఉత్తరం ఉంది. సంచులు మారాయి, ఉత్తరం అలాగే ఉంది. అది నాకు రాసింది కాదు. అయినా చింపలేకపోయాను. రాసిన మనిషికీ, అందుకోవలసిన మనిషికీ నిజం చెప్పలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం కొంచెం తేలిక. కొంచెమే.

అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. మలేషియాలో, సైబర్‌జయ కాలేజీలో చదువుతున్నాను. మాది బటాంగ్ బెర్జుంటై దగ్గర ఆయిల్‌పామ్ ఎస్టేట్. అక్కడి రామాలయం వెనక గదిలో ఆదివారాలు తెలుగు అక్షరాలు నేర్పేవారు. మిగతా పిల్లలు ఒక్కొక్కరే జారుకున్నా, మా అమ్మమ్మ నన్ను చెవి పట్టుకుని కూర్చోబెట్టేది. అలా నాకు చదవడం వచ్చింది. కాలేజీలో నా క్లాసులోనే ఉన్న సింహాద్రికి రాలేదు. అతనిది పోర్ట్ క్లాంగ్. ఇంట్లో మాట్లాడేది తెలుగే, కానీ అక్షరం ముక్క రాదు. మాలో చాలామంది ఇంతే.

హారిక విజయవాడ నుంచి వచ్చి మాతో చేరింది. మా 'ఏటి', 'వచ్చినాడు', మలేషియా అలవాటుగా మాట చివర తగిలించే 'లా' విని మొదట పడీపడీ నవ్వింది, తర్వాత తనూ అలాగే మాట్లాడటం మొదలుపెట్టింది. తెలుగు మాట్లాడేవాళ్ళకు తెలుగు చదవడం రాకపోవచ్చని ఆమెకు తోచనే లేదు. సింహాద్రికి చెప్పుకోవడానికి సిగ్గు. ఆమె ఏ పుస్తకం చూపించినా తల ఊపి ఊరుకునేవాడు.

నాకు సింహాద్రి అంటే ఇష్టం. అతని బైకు వెనక కూర్చుంటే ఆ రోజంతా ఊరికే నవ్వొచ్చేది. హారిక నా స్నేహితురాలు, అంతే అనుకున్నాను. ఆమె తల దువ్వుకుంటుంటే చదువుతున్న పేజీ మర్చిపోయి చూస్తూ ఉండిపోయేదాన్ని. దాన్నేమంటారో నన్ను నేను అడగలేదు.

ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో సింహాద్రి నా ముందు ఒక మడత కాగితం పెట్టాడు. హారిక ఇచ్చిందట. ఫోన్‌తో చదివించబోయాడట, ఆమె గొలుసుకట్టు రాత దానికి అంతుపట్టలేదట.

"ఏటి రాసినాదో సదివి సెప్పు లా. నాకు సదవడం రాదని ఆ పిల్లకి సెప్పీకు."

చదివాను. నువ్వంటే నాకు ఇష్టం అని ఉంది. ఈ శనివారం మూడింటికి పోర్ట్ క్లాంగ్ స్టేషన్‌లో దిగుతాను, నీకూ ఇష్టమైతే వచ్చి మీ అమ్మ దగ్గరికి తీసుకెళ్ళు, రాకపోతే అర్థం చేసుకుంటాను, మళ్ళీ ఎప్పుడూ ఈ మాట ఎత్తను అని ఉంది.

"ఊర్లో సమ్మందం కుదిరిందంట," అన్నాను. "నీ సాయానికి థాంక్స్ అంట. ఈ ఇసయం తన కాడ ఎత్తొద్దంట."

"అంతేనా? ఇంత పెద్ద కాయితానికి?"

"అంతే."

"మరి నవ్వుతా ఇచ్చినాదే..." కాగితం నా వైపు తోసేశాడు. "నువ్వే ఉంచు. నానేటి సేసుకోను?"

నా గొంతు వణకలేదు. ఇప్పటికీ నన్ను భయపెట్టేది అదే. ముందుగా అనుకుని చేసింది కాదు కదా, అని సర్దిచెప్పుకోబోతున్నాను చూడండి. వద్దు. చివరిదాకా చదివి, మడిచి, అతని ముఖం చూసి మరీ చెప్పాను.

శనివారం నేనే పోర్ట్ క్లాంగ్ వెళ్ళాను. నిజం చెప్పేయడానికే వెళ్తున్నానని దారి పొడుగునా అనుకున్నాను. హారిక ప్లాట్‌ఫాం బెంచీ మీద ఉంది. ఒళ్ళో స్టీలు డబ్బా, సింహాద్రి వాళ్ళమ్మ కోసం చేసిన పులిహోర. అప్పటికి నాలుగున్నర. ఎందుకొచ్చావని కూడా అడగలేదు, నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. అతని ఇల్లు అక్కడికి బైకు మీద పది నిమిషాలు. ఒక్క ఫోను చేస్తే చాలు. చెయ్యలేదు. ఎందుకంటే ఆమె అలా ఏడుస్తుంటే నాకు సంతోషంగా ఉంది. ఆమె జుట్టు నా చెంపకు తగులుతోంది, బైకు వెనక కూర్చున్నప్పటి సంతోషమే, అచ్చంగా అదే. అప్పుడు తెలిసింది. నేను కుళ్ళుకున్నది హారికను చూసి మాత్రమేనా? సింహాద్రిని చూసి కూడా. నాకు ఇద్దరూ కావాలి. వాళ్ళు మాత్రం ఒకరికొకరు కాకూడదు.

హారిక మాట మీద నిలబడింది, మళ్ళీ ఎత్తలేదు. చదువు అయ్యాక ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్ళిపోయింది. సింహాద్రి కొన్నాళ్ళు నావాడయ్యాడు. అతను నా చెయ్యి పట్టుకున్నప్పుడల్లా ఆ బెంచీ గుర్తొచ్చేది. కారణం చెప్పకుండానే విడిపోయాను.

ఇన్నేళ్ళూ ఒక సాకు చెప్పుకున్నాను. అమ్మాయిని కూడా ప్రేమించానని బయటపడితే ఇంట్లో ఏమవుతుందోనని నోరు విప్పలేదని. ఆ భయం నిజమే. కానీ దాని చాటున అసలు తప్పు దాచుకున్నాను. ఇద్దరిని ప్రేమించడం తప్పు కాదు, దానికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వను. ఉత్తరం అబద్ధంగా చదవడం తప్పు. దానికి ఇస్తాను.

పోయిన నెల సింహాద్రి ఒక ఫొటో పంపాడు. నోటుపుస్తకంలో వంకరటింకరగా తెలుగులో అతని పేరు. ఆదివారాలు క్లాసుకు వెళ్తున్నాడట. కింద ఇంగ్లీషు అక్షరాల్లో, 'ఆ ఉత్తరం ఉన్నాదా? ఇప్పుడు నానే సదువుతాను.' పోయింది అంటే నమ్మేవాడు. రెండు రోజులు ఆ అబద్ధమే టైపు చేసి చెరిపాను.

నిన్న అదే స్టేషన్‌కు రమ్మన్నాను. కావాలనే తప్పు చదివానని ముందు చెప్పాను, తర్వాతే కాగితం ఇచ్చాను. అతను వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. ఒకచోట వేలు ఆగింది. అలవాటు కొద్దీ నా వైపు తిరగబోయి మానేశాడు. నేను అందించలేదు. చాలాసేపటికి మళ్ళీ వేలు కదిలింది. చివరిదాకా చదివి, మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

హారికకు ఈ ఉదయం అంతా రాసి పంపాను, తెలుగులోనే. నిన్నూ ప్రేమించాను అని కూడా రాశాను. చదివినట్టు ఫోన్ చూపిస్తోంది. క్షమించమని నేను అడగలేదు.

ఇందాక తాళాల కోసం సంచీలో చెయ్యి పెట్టి, అలవాటుగా అడుగున తడిమాను. ఉత్తరం లేదు. కాసేపు చెయ్యి అక్కడే ఉంచుకున్నాను.