కఫీల్ చేతిలో గోంగూర ఫైలు

సౌదీలోని తాయిఫ్‌లో నన్ను జైలుకు పంపాలని ఎవరూ కుట్ర పన్నలేదు. నేనే ఒక ఫైలు తయారుచేసి, అట్ట వేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ వెళ్లి నా చేతులతో ఇచ్చి వచ్చాను. ఎలాగో చెబుతాను, నవ్వండి. బయటే ఉన్నాను కాబట్టి నాకేం బాధ లేదు.

అంతా గోంగూర వల్ల వచ్చింది. మా కడప మస్తాన్ మా కంపెనీ ఓనరుగారి దానిమ్మ తోటలో పనిచేసేవాడు. చెట్ల మధ్య ఖాళీలో నాలుగు గోంగూర గింజలు చల్లితే అడవిలా లేచింది. తాయిఫ్‌లో ఉన్న తెలుగువాళ్లందరికీ ఇంటికే చేర్చే సర్వీసు పెడదామన్నాను.

"రేయ్ సుబ్బరాయుడూ, ఈడ లైసెన్సు లేకుండా యాపారం చేస్తే ఇమానం ఎక్కించి ఇంటికి తోల్తారు. ముందు రూల్సు కనుక్కో" అన్నాడు మస్తాన్.

"రూల్సు సంగతి నాకొదిలెయ్. నేను ఆఫీసులో పనిచేసేవాణ్ణిరా!" అన్నాను.

గోంగూరను ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలీదు. ఒక ఆకు తెంపి ఫోటో తీసి, దీన్ని ఇంటింటికీ చేర్చాలంటే చట్టం ఏమంటుందని ఫోన్నే అడిగాను. గోంగూర ఆకును ఎప్పుడైనా తీరిగ్గా చూశారా? వేళ్లు చాపిన అరచెయ్యిలా ఉంటుంది, అంచున రంపపు పళ్లు. గంజాయి ఆకూ అచ్చం అలాగే ఉంటుందట. ఆ సంగతి నాకు తెలీదు, గోంగూర సంగతి ఫోనుకు తెలీదు. ఏదో దేశంలో గంజాయి డెలివరీ సర్వీసు నడపడానికి కావలసిన నిబంధనలు పదకొండు పేజీలు ఇచ్చింది. పైన 'కానబిస్' అని ఉంది. మన గోంగూరకు దొరలు ఎంత మంచి పేరు పెట్టారని మురిసిపోయాను.

చదివినకొద్దీ ముచ్చటేసింది. పొట్లాలకు సీలు వేయాలట. పిల్లలు విప్పలేకుండా ఉండాలట. పులుపు కదా, పళ్లు పులుస్తాయని కాబోలు. ఇరవై ఒక్కేళ్లు నిండినవాళ్లకే, గుర్తింపు కార్డు చూసి ఇవ్వాలట. బండిలో తాళం వేసిన పెట్టె ఉండాలట.

"పచ్చడాకుకు తాళమేందిరా?" అన్నాడు మస్తాన్.

"దొరలకు శుభ్రత ఎక్కువ" అన్నాను.

ఆ పదకొండు పేజీల్నీ ఫోనుతోనే అరబీలోకి మార్పించాను. నాకు అరబీ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. అట్ట మీద ఒక ఆకు అతికించి కఫీల్ ఇంటికి వెళ్లాను. కఫీల్ అంటే నా వీసాకు పూచీ ఉన్నాయన, మా ఓనరే.

ఆయన మొదటి పేజీ చదివి, గహ్వా కప్పు, అదే అరబ్బు కాఫీ, కింద పెట్టాడు.

"యా సుబ్బా, నువ్వు దీన్ని అమ్ముతావా?"

"అవును ముదీర్," అన్నాను, సారు అన్నట్టు. "మా దగ్గర ప్రతి ఇంట్లోనూ తింటారు."

"ప్రతి ఇంట్లోనా!"

"నాకైతే మా అమ్మే అలవాటు చేసింది."

"మీ అమ్మా!"

"చుట్టాలొస్తే బానలకొద్దీ కలుపుతుంది. ఇదంతా మీ తోటలోనే పండించాం ముదీర్!"

ఆయన లేచి నిలబడ్డాడు. ఫోను తీస్తూ 'హషీష్' అన్నాడు. ఆ మాట మాత్రం నాకు తెలుసు, గంజాయి. ఈ దేశంలో దానికి వీసా మీద ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపరు, తల పోయే వ్యవహారం. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు; నాది చదవకుండానే పోయింది. 'కాదు' అనడానికి అరబీలో ఏమంటారో మరిచిపోయాను.

అప్పుడే ఆ ఇంట్లో వంట చేసే సత్తెమ్మగారు గహ్వా కూజాతో వచ్చింది. ఆవిడది రాజోలు.

"ఆయ్, ఇది గోంగూరండీ బాబూ! ఇంత చక్కటి ఆకుని అట్టకి అతికించేశారేంటండీ?" అంటూ పీకి నోట్లో వేసుకుంది. తర్వాత అరబీలో ఆయనకు చెప్పింది: "మొన్న మస్తాన్ తెచ్చిస్తే మటన్‌లో వేసింది ఇదే కదా. మీరు రెండుసార్లు పెట్టించుకున్నారు!"

కఫీల్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. నేను సత్తెమ్మగారి ముందు సిగ్గు విడిచి ఏడ్చాను. ప్రాణం తిరిగొస్తే ఇంత తియ్యగా ఉంటుందని నాకప్పుడే తెలిసింది.

"మరి ఈ కాగితం ఎవరు రాశారు?" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

"ఫోను రాసింది ముదీర్. నాకు అరబీ చదవడం రాదు."

"ఇంతకీ నా ఆఫీసులో నువ్వు చేసే పనేంటి?"

"కంపెనీ కాగితాలు అరబీలోకి మార్చి ప్రభుత్వానికి పంపడం ముదీర్. నాలుగేళ్లుగా."

ఆయన నవ్వు టక్కున ఆగిపోయింది.

గోంగూర సర్వీసుకు అనుమతి రాలేదు, ఉద్యోగం మాత్రం పోలేదు. మర్నాడు ఆఫీసులో అందరి ముందూ నా దగ్గర తఅహ్హుద్, అంటే హామీ పత్రం, తీసుకున్నారు. నేను గుండె మీద చెయ్యి వేసుకుని, కన్నతల్లి సాక్షిగా, గోంగూర సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో నాకు చదవడం రాని కాగితం మీద సంతకం పెట్టను.

పత్రం రెండు పేజీలు, మొత్తం అరబీలో ఉంది. రెండింటి మీదా సంతకం పెట్టి వచ్చాను.