ఇంకా పడలేదు

నాలుగేళ్లుగా ఒక చిన్న మాట నన్ను లోపల్లోపల తినేస్తోంది. రెండే రెండు పదాలు. అబద్ధం ఆడకూడదని పిల్లలకు ముప్పై ఏళ్లు చెప్పిన టీచర్ని నేను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

గోదావరి లంకలో నాన్న ఇచ్చిన ఎకరన్నర అరటితోట నాది. కౌలుకి చేసేది సత్తిబాబు. ఆ ఏడు వరదకి తోట పోయింది, పైగా మోకాలి లోతు ఇసుక మేట వేసింది. మేట తీయించుకోవడానికి ప్రభుత్వం సాయం ఇస్తుందన్నారు. కౌలు కార్డు ఉంటే అది సత్తిబాబుకే వచ్చేది. కార్డుకి నా సంతకం కావాలి. సంతకం పెడితే పొలం చేయి జారిపోతుందని ఎవరో భయపెట్టారు, నేను పెట్టలేదు. ఎవరో అంటున్నాను, చూశారా? ఇప్పటికీ ఇంకొకరి మీదకి నెట్టేస్తున్నాను. భయపడింది నేనే.

సర్వేకి వచ్చిన అమ్మాయి సాగు ఎవరిదని అడిగింది. నాదేనన్నాను. సత్తిబాబు అక్కడే ఉన్నాడు, భార్యతో కలిసి ఒక మూల నుంచి తట్టలతో ఇసుక ఎత్తిపోస్తున్నాడు. కాదనలేదు. కాదంటే మరుసటి ఏడు కౌలు ఉండదని అతనికి తెలుసు, నాకూ తెలుసు. ఫోటో తీస్తాననేసరికి, రైతులా కనబడాలని అతని పార అడిగాను. అలా చేయమని నాకెవరూ చెప్పలేదు. పిడికి అంటిన బురద తువ్వాలుతో తుడిచి మరీ ఇచ్చాడు. తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

సాయం నా ఖాతాలో పడింది. పొక్లెయిన్ పెట్టించి మిగతా మేట తీయించాలనే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? వంటింటి శ్లాబు కారుతోందని మేస్త్రీని పిలిచాను. ముందు ఇది కానిద్దాం, తర్వాత అది చూద్దామని. ఆ ‘తర్వాత’ ఎప్పటికీ రాలేదు.

పిలకలు నాటే అదునుకి సత్తిబాబు గుమ్మంలోకి వచ్చాడు.

“మేట సాయం పడిందాండీ టీచరుగారూ? మిషనాయన రేపొచ్చేస్తానన్నాడండి.”

“ఇంకా పడలేదు.”

“ఆయ్. మీక్కూడా కష్టమేనండి, పాపం. పడ్డాక కబురెట్టండి.”

నా కబురు కోసం చూశాడు. అదును దాటిపోయింది. చేతులతో తీసిన ఆ కాస్త మేరలో ఏం పండుతుంది? కౌలు వదిలేసి ఐ.పోలవరం వైపు రొయ్యల చెరువు కాపలాకి వెళ్లిపోయాడు. తోటలో ఇప్పుడు రెల్లు పెరిగింది.

ఈ మనిషి నన్ను ఎందుకు అనుమానించడు? నలుగురిలో నిలదీసి ఉంటే ఈపాటికి ఒప్పేసుకునేదాన్ని కదా? లేక అన్నీ తెలిసే, నేనే చెబుతానేమోనని ఊరుకుంటున్నాడా? ఈ రెండిట్లో ఏది నిజమైతే నాకు తేలికో కూడా తేల్చుకోలేకపోతున్నాను.

పోయిన నెల ముమ్మిడివరం బస్సులో కనిపించాడు. లేచి తన సీటిచ్చాడు. మళ్లీ సాయం సంగతే అడిగాడు. మళ్లీ అదే మాట అన్నాను. నా తరఫున ఆఫీసువాళ్లని విసుక్కుంటూ దారంతా నిలబడే వచ్చాడు, నేను అతని సీట్లో కూర్చుని వింటూ వచ్చాను.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఇది రాశాక అతని దగ్గరికి వెళ్తానో లేదో కూడా చెప్పలేను. ఆ మాటని ఒక్కసారి సరిగ్గా రాస్తే కాస్త ఊపిరాడుతుందేమోనని, అంతే.

పడింది, సత్తిబాబూ. నువ్వు మా గుమ్మంలోకి వచ్చిన రోజుకి పదిరోజుల ముందే పడింది.