గుటకెడే పొయ్యి పిన్నీ

వెంకటసుబ్బులు నోటికి భయపడి తెనాలి బండిలో దాని చేపల గంపకి కూడా చోటిచ్చేవాళ్ళు. ఆ నోటితో అది సొంత తమ్ముణ్ణి గెలిచిన రోజున నేనక్కడే ఉన్నాను. తండ్రి పోయిన పదకొండో రోజు. బాపట్ల నుంచి వచ్చిన మస్తానయ్య, "నాన్న పడవ అమ్మేద్దామక్కా, ఎండకి బీటలిచ్చిపోతంది" అన్నాడు. అంతే అన్నాడు పాపం.

"ఆయన మంచాన పడ్డప్పుడు ఎన్నిసార్లొచ్చావురా? పడవకున్న బీటలు కనపడ్డాయి గానీ, మనిషి కనపళ్ళేదా?"

వాడొక మాట వెతుక్కునేలోగా ఇది పది మాటలన్నది. వాడి అత్తారింటివాళ్ళని కూడా కలిపి మరీ అన్నది. నేనిచ్చిన టీ ముట్టకుండా గ్లాసు కింద పెట్టేసి, చెప్పులేసుకుని వెళ్ళి బస్సెక్కాడు వాడు.

"చూశావా పిన్నీ, జవాబు లేక పోయాడు" అని నవ్వింది.

పడవ దక్కింది. తమ్ముడు దక్కలేదు. ఆరేళ్ళు వాడు గడప తొక్కలా, ఫోనెత్తలా. ఆ పడవ కూడా రేవులోనే పడుండి పుచ్చిపోయింది.

రెండేళ్ళ కిందట సుబ్బులు మస్కట్ వెళ్ళింది, ఒక ముసలమ్మని కనిపెట్టుకుని ఉండే పనికి. ఇక్కడ చూస్తుండగానే గంపెడు చేపలు బాగుచేసే చెయ్యి, అక్కడ ప్రతి పనికీ చీవాట్లు తిన్నది. ఆ ఇంట్లో ఎవరికీ తొందరనేదే లేదు. వచ్చినవాళ్ళు యోగక్షేమాలే గంటసేపు అడుగుతారు. పనీపాటా లేని జనం అనుకునేది సుబ్బులు. ముసలమ్మ మాత్రం చెయ్యి పట్టుకుని "షువయ్యా, షువయ్యా" అనేది. మెల్లగా, మెల్లగా అని.

ఒక మధ్యాహ్నం ఆ ముసలమ్మ తమ్ముడొచ్చాడు. ఖర్జూరం తోట దగ్గర మాటా మాటా పెరిగి, తొమ్మిదేళ్ళుగా ఎడమొహం పెడమొహం. ఇల్లంతా ఊపిరి బిగబట్టుకునుంది. ఇంటికొచ్చిన మనిషికి మనమైతే ఏం చేస్తాం? సుబ్బులూ అదే చేసింది. మర్యాదగా కాఫీ అంచుదాకా పోసి చేతికిచ్చింది.

ఆయన కప్పులోకి చూశాడు. అక్కవైపు చూశాడు. కప్పు కింద పెట్టేసి చేతికర్ర అందుకున్నాడు.

అక్కడ గుటకెడు పోస్తే ఇంకా కూర్చోమని, నిండా పోస్తే తాగి లేచిపొమ్మని అర్థమట. దీనికెవరు చెప్పారు?

గుమ్మం వైపు నడుస్తున్న ఆ మనిషి వీపు చూస్తే సుబ్బులుకి మస్తానయ్య వీపే గుర్తొచ్చింది. గొంతు దాకా మాటలొచ్చాయి. భాష రాదు కాబట్టి బతికిపోయింది. ముసలమ్మ కేకెయ్యలేదు, బతిమాలలేదు. సుబ్బులు మణికట్టు పట్టుకుని, ఆ కాఫీ పారబోయించి, మళ్ళీ గుటకెడు పోయించి, తమ్ముడు లేచిన చోటే పెట్టించింది. అంతే. ఆయన గుమ్మంలో అటు తిరిగి నిలబడిపోయాడు. కాఫీ మీద ఆవిరి పోయింది. ఎవరూ కదల్లేదు. ముసలమ్మ వేళ్ళు మణికట్టు మీద బిగుసుకునే ఉన్నాయి.

చాలాసేపటికి కర్ర గోడకానించిన చప్పుడైంది. వచ్చి కూర్చున్నాడు. చల్లారిందే తాగాడు. సుబ్బులు మళ్ళీ గుటకెడు పోసింది. మళ్ళీ పోసింది. ఆరో కప్పుకి గానీ ముసలమ్మ నోరు విప్పలా. విప్పి అడిగింది కూడా తమ్ముడి మోకాళ్ళ నొప్పుల గురించే.

పోయిన నెల సుబ్బులు తిరిగొచ్చింది. నిన్న మస్తానయ్య దగ్గర్నుంచి కబురొచ్చింది. సంసారంతో సహా గుజరాత్ బోట్ల మీద పనికి పోతున్నాడట. పోయేలోగా ఆదివారం వచ్చి అక్కని చూసిపోతాడట. అప్పట్నుంచి దీనికి అన్నం సయించడం లేదు. పొద్దున్నే వచ్చి నా మెట్ల మీద కూలబడింది.

"వాడు మళ్ళీ పడవ మాటెత్తితే, పిన్నీ?"

"ఎత్తనీ. పుచ్చిపోయింది కదా, ఇద్దరూ కూర్చుని ఏడవండి."

"ఎగతాళి చెయ్యకు. నా నోరు నాకు తెలుసు. ఈసారి వాడు లేచిపోయాడంటే మళ్ళీ రాడు."

అది కొంగు అంచు నలుపుతూ నా దగ్గరికి జరిగింది.

"ఆదివారం నువ్వొచ్చి నా పక్కన కూర్చో. ఒక చేత్తో వాడికి టీ పొయ్యి, గుటకెడే పొయ్యి. రెండో చేత్తో నా మణికట్టు పట్టుకో. ఆరు గ్లాసులయ్యేదాకా వదలకు."