కోడికూర తాగేసిన కుక్కరు

మొన్న బుధవారం కోడికూర వండబోయి మా ఇంటి కరెంటు తీసేశాను. నవ్వకండి, పూర్తిగా వినండి. నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పే టీచర్ని. అది కూడా ముందే చెప్పేస్తున్నా, తర్వాత మీరే గుర్తుచేసి దెప్పకుండా.

మాది పలాసలో మేడ మీద రెండు గదుల ఇల్లు. మా ఆయన ఆఫీసు టెక్కలిలో, నా స్కూలు నందిగాం దగ్గర. ఇద్దరం ఇల్లు చేరేసరికి ఒంట్లో ఓపికుండదు. అందుకే రెండు నెలల కిందట ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్ కొన్నా. విజిల్స్ లెక్కపెట్టక్కర్లేదు, పక్కన నిలబడక్కర్లేదు. అన్నీ వేసి, మూత బిగించి, బటన్ నొక్కితే అదే వండి, అదే ఆగి, కూతపెట్టి పిలుస్తుంది. ఇంత సుఖం నేనెరగను. స్టాఫ్‌రూమ్‌లో రోజూ దాని గొప్పలే చెప్పేదాన్ని.

ఆ రోజు మధ్యాహ్నం లంచ్ టైములో మా ఆయన ఫోన్ చేశారు. వాళ్ళ అప్ప, అంటే అక్క, టెక్కలిలో కంటి డాక్టరు దగ్గరికి వచ్చిందట. మర్నాడు పొద్దున్న ఇంకో టెస్టుకి రమ్మన్నారట, అంచేత రాత్రికి మనింట్లోనే ఉంటుందట. చెప్పి, రెండు క్షణాలు ఆగి, "చికెన్ చేస్తావా?" అన్నారు. ఆ ఆగడంలో ఉంది అసలు కథ.

ఆవిడ పేరు పార్వతి, నాకు వదిన అవుతుంది. సోంపేట దగ్గర ఉద్దానంలో పల్లె వాళ్ళది, కొబ్బరితోట, జీడితోట ఉన్నాయి. నిరుడు వాళ్ళబ్బాయి పెళ్లి మర్నాడు వదిన తన చేత్తో మసాలా నూరి చికెన్ వండింది. ఎలా ఉంది అని ఎవరో అడిగితే, బాగుంది గానీ పిల్లలకి కాస్త కారం ఎక్కువైంది అన్నాను. అంతే అన్నాను. అది పందిరి ఈ చివర్నుంచి ఆ చివరికి వెళ్ళేసరికి, టీచరమ్మ కూర నోట పెట్టలేకపోయింది అని అయింది. అప్పట్నుంచి మాకు మాటల్లేవు. లేవంటే పూర్తిగా లేవని కాదు, మా ఆయన మీదుగా ఉన్నాయి. పక్కపక్కనే కూర్చుని కూడా, తమ్ముడా, మీ ఆవిడికి ఇంకో గారె కావాలేమో అడుగు, అనేది వదిన. వద్దని చెప్పండి, అనేదాన్ని నేను. ఈయన ఇటు తిరిగి ఒకసారి, అటు తిరిగి ఒకసారి చెప్పేవారు. ఏడాదిలో పాపం మెడ పట్టేసింది.

అలాంటి మనిషి ఇంటికొస్తోంది. ఈసారి కూరకి వంక పెట్టడానికి ఉండకూడదు అనుకున్నా. స్కూలు నుంచి వస్తూ కేజీ చికెన్ తెచ్చా. పెరుగు, అల్లంవెల్లుల్లి, కారం, పసుపు, ఉల్లిపాయలు, ఇంట్లో ఉన్న టమాటాలు అన్నీ, కరివేపాకు, లవంగాలు, నానబెట్టి రుబ్బిన జీడిపప్పు, పైన అలంకారానికని గుప్పెడు పలుకులు. అన్నీ పెద్ద పళ్ళెంలో కలిపి పెట్టా. సరిగ్గా అప్పుడు మా ఆయన మళ్ళీ ఫోన్. అప్పకి డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు, జాగ్రత్త, అని. ఉద్దానంలో ఆ మాట అందరికీ తెలిసిందే, కిడ్నీలకి భయపడి ఇంటింటా ఉప్పు చూసి వేసుకుంటారు. నాకూ తెలుసు. అయినా ఆయన స్పూన్ చిన్నదా పెద్దదా, కల్లుప్పా మెత్తటిదా అని ఆరా. నేను ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, నా ధ్యాసంతా ఉప్పు మీదే పెట్టి, కొలిచి కొలిచి వేసి, కలిపిందంతా కుక్కర్లో కుమ్మరించి, గ్లాసుడు నీళ్ళు పోసి, మూత బిగించి, బటన్ నొక్కేశా.

స్నానం చేసి వచ్చేసరికి గట్టు మీద ఎర్రగా సన్నటి ధార. మూత సరిగ్గా పడలేదనుకుని తుడిచా. మళ్ళీ వచ్చింది. మళ్ళీ తుడిచా. ధార మూతలోంచి రావట్లేదు, కుక్కరు కిందనుంచి వస్తోంది. ఇదేంటా అని వంగి చూస్తున్నానా, లోపల టప్ మంది. ఇల్లంతా చీకటి. ఎదురింట్లో లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. వెళ్లి మెయిన్ స్విచ్ ఎత్తా. పడిపోయింది. ఎత్తా. పడిపోయింది. పది మందికి కరెంటు పాఠం చెప్పే మనిషిని, ముందు ప్లగ్ పీకాలని మూడోసారి పడ్డాక గాని తట్టలేదు.

ప్లగ్ పీకాక లైట్లు వచ్చాయి. మూత తీశా. ముక్కలు తెల్లబోయి నన్ను చూస్తున్నాయి. గ్రేవీ లేదు. పోసిన నీళ్ళు లేవు. మసాలా అంతా కిందకి దిగిపోయి, కుక్కరు పొట్టలో చేరింది. అప్పుడు ఫ్రిజ్ తలుపు తీశా. పొద్దున్నటి పప్పుతో, పైన పళ్ళెం మూతతో, కుక్కరు లోపలి గిన్నె చల్లగా కూర్చుని ఉంది. గిన్నె పెట్టకుండా ఖాళీ కుక్కర్లోకి, ఆ వేడెక్కే ప్లేటు మీదికి, నేరుగా కేజీ కోడిని పోశానన్నమాట.

కింద గేటు దగ్గర ఆటో ఆగింది.

వదిన చీకటి పడ్డాక కూడా నల్లకళ్ళద్దాలతో మెట్లెక్కుతోంది, ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేత్తో బరువైన సంచీ పట్టుకుని. నేను ఎదురెళ్ళి చెయ్యి పట్టుకున్నా. కంట్లో మందేశారని, దగ్గరివేవీ ఆనట్లేదని, అంతా మసకేనని గోడతో చెప్పింది. ఎదురుగా మా ఆయన లేరు కదా, గోడతో చెప్పింది. పాపం అనిపించింది. అబద్ధం ఎందుకు, లోపల సంతోషం కూడా వేసింది. కనపడకపోతే ఇంకేం, ఈలోపు గుడ్లు ఉడకబెట్టి ఏదో ఒకటి చేసేయొచ్చు.

హాల్లో కూర్చోబెట్టి మంచినీళ్ళు తేవడానికి వంటింట్లోకి వెళ్ళా. వెనక్కి తిరిగేసరికి గడప దగ్గర నిలబడి ఉంది. గట్టు మీద చెయ్యి ఆనించింది. చేతికి తడి తగిలింది. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది పచ్చికోడి నీసు కదేటి," అంది.

నేను గుడ్డ తీసి గట్టు తుడవబోయా.

"కంటికి మందేసారు గాని ముక్కుకెయ్యనేదు. ఏటైపోనాది?"

నేను కుక్కరు మూత గబుక్కున వేసేశా. వదిన, నాతో నేరుగా మాట్లాడేశానని అప్పుడే గుర్తొచ్చినట్టుంది, ఫోన్ తీసి నా చేతిలో పెట్టి తమ్ముడికి కలపమని సైగ చేసింది. కలిపా, స్పీకర్లో పెట్టా. తమ్ముడా, మీ ఆవిడికి సెప్పు, ఏటి జరిగిందో సెప్పమను, అంది. అప్పా, ఆవిడ నీ పక్కనే ఉంది కదా, నువ్వే అడుగు, నాను బస్సులో ఉన్నాను, సిగ్నల్ అందట్లేదు, అని గంట కొట్టినట్టు స్పష్టంగా చెప్పి పెట్టేశారు.

ఇక దారి లేదు. చెప్పేశా. గిన్నె సంగతి, ఫ్రిజ్ సంగతి, మూడుసార్లు స్విచ్ ఎత్తిన సంగతి. ఈసారి పందిరి అక్కర్లేదు, ఉద్దానం మొత్తం తెలిసిపోతుంది అనుకున్నా.

వదిన చీర చెంగు బొడ్లో దోపింది. ముక్కలకేటీ అవనేదు, వేణ్ణీళ్ళతో కడుగు, అంది. టమాటాలు అయిపోయాయి, పెరుగు అయిపోయింది అన్నా. సంచీ తెమ్మంది. అందులో తమ్ముడికని తెచ్చిన కొబ్బరికాయలు. ఒకటి కొట్టి పాలు తియ్యి, గ్యాస్ మీద మామూలు మూకుడు పెట్టు, అంది. తనకి కనపడదు, నాకు తోచదు. ఆవిడ చెప్పడం, నేను చెయ్యడం. ఉల్లిపాయ ఏ రంగుకొచ్చిందో సెప్పు అనేది. ఎర్రబడుతోంది వదినా అనేదాన్ని. ఆ వదినా అన్న మాట ఏడాది తర్వాత అన్నానని మూకుడు దగ్గర నిలబడ్డాక తెలిసింది.

కారం డబ్బా తీశా. వదిన నల్లకళ్ళద్దాలు నా వైపు తిప్పింది.

"కారం ఎంతెయ్యాలో నువ్వే సెప్పు. నానేత్తే మళ్ళీ ఎక్కువైపోద్ది."

చెంచా నా చేతిలో ఆగిపోయింది. ఆ రోజు కూర నిజంగా బాగుంది వదినా, నేను రెండుసార్లు వడ్డించుకున్నాను, పిల్లల కోసమే అన్నాను, అని చెప్పా. ఆ మాటేదో ఆ రోజే నా దగ్గరకొచ్చి అనుంటే అయిపోను కదా, అంది. అని, రెండు చెంచాలు వెయ్యమంది. వేశా.

మా ఆయన వచ్చేసరికి ఇద్దరం కొబ్బరి చిప్ప చెరో ముక్క నములుతున్నాం. గుమ్మంలోనే నిలబడిపోయారు. భోజనాల్లో ఎవరు ఎవరికి ఏం చెప్పాలో తెలియక ఆయన మెడ రెండుసార్లు ఊరికే తిరిగింది. కూర అద్భుతం అన్నారు. ఎవరు వండారు అన్నారు. ఇద్దరం అన్నం కలుపుకుంటూ ఉండిపోయాం.

ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేవగానే వదిన నా వైపు వంగింది. వాళ్ళబ్బాయి పెళ్లికి ఇలాంటి కుక్కరే ఎవరో కానుకిచ్చారట. కోడలు పుట్టింటికెళ్ళినప్పుడు చూద్దామని తీసిందట. బియ్యం, నీళ్ళు నేరుగా అందులోనే పోసేసిందట. గిన్నె అట్టపెట్టెలోనే ఉండిపోయిందట. ఇంట్లో కరెంటు పోయి, తోటకి నీళ్ళు పెట్టే మోటారు కూడా ఆగిపోయిందట ఆ దెబ్బకి. ఇప్పుడది అటక మీద ఉంది, ఇంట్లో ఎవరికీ తెలియదు.

మరి నాకెందుకు చెప్పలేదు వదినా అన్నా.

"నువ్వు కొన్నావని తమ్ముడు సెప్పినప్పుడు సెప్దామనే అనుకున్నాను. మనకప్పుడు మాటల్లేవు కదేటి," అంది.

మర్నాడు సాయంత్రం కుక్కర్ని సంచిలో పెట్టుకుని రిపేరు షాపుకి వెళ్ళా. పెద్దాయన, నిదానస్తుడు. ఏమైంది మేడం అన్నాడు. నిజం చెప్పడానికి నోరు రాక, మా వీధిలో వోల్టేజి హెచ్చుతగ్గులండి, అన్నా. ఆయన తలూపి, కుక్కరు బోర్లించి, అడుగు రేకు విప్పాడు. ముందు ఒక లవంగం రాలింది. తర్వాత రెండు రెబ్బల కరివేపాకు. ఆ తర్వాత నిండు జీడిపలుకు ఒకటి. మూడింటినీ కాగితం మీద వరసగా పెట్టి, ఏమీ అనకుండా రసీదు పుస్తకం తీసి రాసిచ్చాడు. నేనూ ఏమీ అనకుండా మడిచి పర్సులో పెట్టుకుని వచ్చేశా.

ఇంటికొచ్చి విప్పి చూశా. కస్టమర్ పేరు దగ్గర నా పేరు, పక్కనే బ్రాకెట్లో టీచర్. కంప్లయింటు అన్న చోట గుండ్రటి అక్షరాలతో రాశాడు: కోడికూర, ఉప్పు సరిపోయిందో లేదో తెలీదు.

శనివారం వెళ్లి కుక్కరు తేవాల్సింది మా ఆయన. రసీదు ఇంకా ఆయన చేతికి ఇవ్వలేదు.