రేవుకు మార్కులు వేసిన నేను దుంగ ముందు ఆడిన వైనం

నలభై అడుగుల కంటైనరును అడవిలోకి తోలుకెళ్లి, దాని ముందు పట్టపగలు డాన్సు చేసిన మేధావి ఈ జిల్లా మొత్తంలో నేనొక్కడినే. ఇంకెవరైనా ఉంటే చెప్పండి, దండ వేసి దండం పెడతాను.

అప్పట్లో కొత్తగా చదువు ముగించి, ఏ రేవు నుంచి ప్రపంచంలో ఎక్కడికి ఎంత సులువుగా చేరొచ్చో కొలిచే పనిలో ఉండేవాణ్ణి. ఏ రేవుకు ఎన్ని ఓడలొస్తాయి, సరుకు మధ్యలో ఎన్ని ఓడలు మారాలి, అన్నీ లెక్కకట్టి మార్కులు వేసేవాణ్ణి. భద్రాచలం అవతల ఓ కోయ గూడెంలో కన్నమ్మక్క నడిపే మహిళా సంఘానికి అడ్డాకు విస్తర్ల కోసం మొదటి విదేశీ ఆర్డరు వచ్చిందని తెలిసి, సాయం చేద్దామని పిలవకుండానే వెళ్లి వాలాను. ఓడ తప్పితే ఆర్డరు పోతుంది.

"అక్కా, నేనెంచిన రేవుకే అన్నింటికంటే ఎక్కువ మార్కులు. శుక్రవారం లోడెత్తితే ఓడ అందుతుంది."

"శుక్రారమా? ఆ దినం మాకు..."

"నువ్వూరుకో అక్కా, ఇది సైన్సు!"

పాపం, ఊరుకుంది.

శుక్రవారం ట్రైలరులో డ్రైవరు పక్కన పెళ్లికొడుకులా కూర్చుని బయలుదేరాను. అడవి దారిలో మొదటి ఊరి దగ్గరే రోడ్డుకు అడ్డంగా దుంగ, దాని వెనక పాటలు పాడుతూ ఇరవైమంది ఆడవాళ్లు. భూమి పండుగట. మగవాళ్లు వేటకు పోతారు, ఆడవాళ్లు దారిన పోయే ప్రతి బండినీ ఆపి ఆడిస్తారు. ఈ సంగతి ఆ చుట్టుపక్కల తెలియనివాణ్ణి నేనే.

"అమ్మా, ఈ బండి త్వరగా రేవుకు పోవాలి. ఆ రేవు నుంచి ప్రపంచమంతటికీ దారుంది!"

"ఉండనీ. మా దుంగ దాటనీకె దారి లేదు గద. దిగి ఆడు!"

ఆడాను. డ్రైవరు నాకంటే బాగా ఆడాడు. రెండో ఊళ్లోనూ అదే వరస. గూడెం మొదట్లో మూడో దుంగ. దాని వెనక సాక్షాత్తూ కన్నమ్మక్క!

"అక్కా, నువ్వు కూడానా? మరి లోడెవరు ఎత్తుతారు?"

"ఇయ్యాల పండుగ తమ్మీ. పని ముట్టం."

ముప్ఫైమంది ఆడవాళ్ల ఏడాది కష్టం నా మార్కుల వల్ల మట్టిపాలైందనుకున్నాను. నిజంగానే ఏడ్చాను.

"ఏందిది, చిన్నపిల్లగాని లెక్క! నిన్ననే కట్టలన్నీ ట్రాక్టర్ల మీద మెయిన్ రోడ్డు గోదాముకు చేరేసినం. ఆడ గోదాము చూసే దావీదన్న మనుషులను పెట్టుకొని కూసున్నడు. చర్చికి పోయేటోళ్లు, వాళ్లకు ఈ పండుగ లేదు. లోడెత్తుతరు."

"నాకు చెప్పలేదేం?"

"చెప్పబోతే సైన్సంటివి. ఫోను చేస్తే ఎత్తకపోతివి."

పొద్దున ఆ గోదాము ముందు నుంచే దర్జాగా హారన్ కొట్టించుకుంటూ వచ్చాను. సముద్రం వైపు నుంచి రేవును అంగుళం వదలకుండా కొలిచి, నేల వైపు కొలవడం మరిచిపోయాను.

"అయితే వెనక్కి పోతానక్కా."

"పో. కానీ పండుగకొచ్చి ఆడకుండ పోతరా?"

మళ్లీ ఆడాను. తిరుగుదారిలో ఇంకో రెండుసార్లు ఆడాను. ఓడ అందింది. ఆ ఆర్డరు ఇప్పటికీ ఏటా వస్తూనే ఉంది. నలుగురి ముందు నన్ను చిన్నబుచ్చకుండా నా తప్పును ముందు రోజే సర్దేసిన ఆ తల్లికి నేనెంత రుణపడ్డానో ఏ లెక్కకూ అందదు.

అందుకే ఏడు సముద్రాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక మీదట ఏ రేవుకు మార్కులు వేయాలన్నా, ముందు కన్నమ్మక్కను మాట పూర్తి చేయనిస్తాను.